మధ్య కుర్చీ

ఆ వారం చేయాల్సిన పనులు ఇవీ. వంటగది కుళాయి కారుతోందని ఇంటి యజమానికి ఫోన్ చెయ్యాలి. కింద వాటాలో ఉండే, పిన్ని వరసన పిలుచుకునే ఖాలాకి కంటిచుక్కల సీసా మీది రాత చదివి, ఏ కంట్లో ఎప్పుడు వేసుకోవాలో చెప్పాలి. తమ్ముడి కాలేజీ నుంచి వచ్చిన నోటీసు అబ్బాకి చదివి వినిపించాలి, చదవొద్దని తమ్ముడు బతిమాలుకున్న ఆ ఒక్క వాక్యం వదిలేసి. అమ్మీ అంచులు కుట్టిన ప్యాంట్ల మూట లాండ్రీలో ఇచ్చి, జిప్పులు మార్చాల్సినవి తేవాలి. ఉల్లిపాయలు నిండుకున్నాయి, అవీ తేవాలి. ఆఫీసులో సెలవు అడగాలి. గురువారం అమ్మీని ఆసుపత్రికి తీసుకెళ్ళి, డాక్టరుకీ అమ్మీకీ మధ్య కూర్చుని, రొమ్ములో గడ్డ గురించి పరీక్షలో ఏం తేలిందో అమ్మీకి చెప్పాలి.

చివరిది తప్ప మిగతావన్నీ పెద్దపిల్ల మంగళవారానికే చేసేసింది.

ఆమెకి అందరికీ ఉన్నట్టే ఒక పేరుంది. ఆఫీసులో ఆ పేరుతోనే పిలుస్తారు. ఇంట్లో మాత్రం తొమ్మిదో ఏటి నుంచీ పెద్దపిల్లే. అంతకుముందు చిన్నపిల్లగా ఉన్నట్టు ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఒక్కోసారి ఆమెకే అనుమానం.

పరాయి దేశం వచ్చిన కొత్తలో వాళ్ళు లాండ్రీ మీది రెండు గదుల్లో ఉండేవాళ్ళు. కింద అబ్బా ఇస్త్రీ చేసేవాడు. చెక్క నేల సందుల్లోంచి ఆవిరి పైకి వచ్చేది. చలికాలంలో అరికాళ్ళకి వెచ్చగా తగిలేది, దుప్పట్లన్నీ సబ్బు వాసన వేసేవి. అబ్బా పనిచేస్తూ కూనిరాగం తీసేవాడు. ఆ రాగం వింటే ఆయన చొక్కాలో ఎక్కడున్నాడో పైనున్న పిల్లకి తెలిసిపోయేది. చేతుల దగ్గర హుషారు, వీపు దగ్గర సాగదీత, కాలరు దగ్గరకొచ్చేసరికి నిశ్శబ్దం. కాలరంటే ఆయనకి భయం. కిటికీ పక్కన అమ్మీ కుట్టుమిషను. ఊడిపోయిన గుండీలన్నీ ఒక రేకుడబ్బాలో ఉండేవి. వాటిలోంచి జతలు ఏరి పెట్టడం పిల్ల పని. ఇప్పటికీ ఎక్కడైనా గుండీలు గలగలమంటే ఆమెకి ఆ గది మొత్తం, వెలుతురుతో సహా, కళ్ళముందుకి వస్తుంది.

ఇక్కడి భాష ఇంట్లో అందరికంటే ముందు ఆ పిల్లకే పట్టుబడింది. బళ్ళో వేసిన ఏడాది తిరిగేసరికి గలగలా మాట్లాడేది. అబ్బా ఆమెని లాండ్రీ బల్ల మీద కూర్చోబెట్టేవాడు. వచ్చినవాళ్ళు చెప్పింది ఆయనకి, ఆయన చెప్పింది వాళ్ళకి. "కాలరు మరీ గట్టిగా వద్దంట అబ్బా, మెడ కోసుకుపోతోందంట." "మరక పోదు, పల్చబడుతుంది అని చెప్పు." బేరం కుదిరాక అబ్బా ఆమె తల నిమిరి, "మా వకీలు ఉండగా నాకేం భయం?" అనేవాడు. ఆ మాట కోసం పిల్ల రోజంతా బల్ల మీదే కూర్చోవడానికి సిద్ధం.

వకీలు అన్నాక కేసు గెలిపించాలి కదా. కొన్ని మాటలు ఉన్నవి ఉన్నట్టు చెబితే కేసు పోతుందని ఆ పిల్లకి తొందరగానే అర్థమైంది. కాగితాల కోసం వెళ్ళిన సర్కారు ఆఫీసులో గుమాస్తా, అమ్మీ తలమీది ముసుగు వంక చూసి, "మీ అమ్మకి అసలు ఏమైనా బుర్రకెక్కుతుందా అని అడుగు" అంటే, పిల్ల అమ్మీ వైపు తిరిగి, "ఇంకో ఫొటో కావాలంట" అనేది. అమ్మీ పాపం సంచీలోంచి ఇంకో ఫొటో తీసి ఇచ్చేది. గుమాస్తా ఆ ఫొటో పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక చూసేవాడు.

అన్నిటికంటే పెద్ద కేసు, ఆ గదులు అద్దెకిచ్చి కింద వెనకవైపు ఉండే ఇంటావిడది. ఒకరోజు ఆవిడ మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని, మీ తాలింపు వాసనకి మా కర్టెన్లు కూడా కంపు కొడుతున్నాయి, ఇది ఇల్లా వంటశాలా అని దులిపేసింది. అమ్మీ పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని, "ఏమంటోందే?" అంది.

పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. "మన కూర వాసన చాలా బాగుందంట. వాళ్ళ కర్టెన్ల దాకా వస్తోందంట."

అమ్మీ మొహం విప్పారింది. మర్నాడు మధ్యాహ్నం మూతపెట్టిన గిన్నెడు కూర పిల్ల చేతికిచ్చి కిందకి పంపింది. ఇంటావిడ మూత తీసి కూర వంకా పిల్ల వంకా చాలాసేపు చూసింది. రెండో రోజు గిన్నె కడిగి, అందులో నాలుగు ఆపిల్‌పళ్ళు పెట్టి పంపింది. ఆ తర్వాత ఆ కర్టెన్ల ఊసు ఎన్నడూ ఎత్తలేదు. ఇంటావిడ పోయినప్పుడు అమ్మీ సొంత అక్క పోయినట్టు ఏడ్చింది. "ఆవిడకి నా చేతి వంటంటే ప్రాణం" అని ఇప్పటికీ చెబుతుంది.

అలా ఆ చిన్న వకీలు ఎన్నో కేసులు గెలిచింది. ఒక్కటే ఓడింది.

అప్పుడు అమ్మీకి ఏడో నెల. కడుపులో ఉన్నది చెల్లెలని తెలిసింది. పిల్ల అప్పటికే రేకుడబ్బాలోంచి గులాబిరంగు గుండీలు వేరే తీసి పెట్టింది, చెల్లెలి స్వెటరు కోసం. ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు అబ్బాకి పని వదిలి రావడం కుదరలేదు. "వకీలు ఉందిగా" అన్నాడు. తమ్ముణ్ణి ఆయన దగ్గర వదిలి తల్లీ కూతురూ బస్సులో వెళ్ళారు. డాక్టరు గదిలో మూడు కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. అలవాటు ప్రకారం పిల్ల మధ్య కుర్చీ ఎక్కి కూర్చుంది. కాళ్ళు నేలకి అందలేదు. పక్కగదిలో అమ్మీ కడుపు మీద చల్లటి జిగురు రాసి చూశారు, మళ్ళీ చూశారు, ఇంకొకర్ని పిలిచి చూపించారు. తిరిగి వచ్చి కుర్చీల్లో కూర్చున్నాక, డాక్టరు అమ్మీ వైపు చూడలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల వైపు చూసి చెప్పాడు. చిన్న వాక్యం. అందులో ప్రతి మాటా ఆ పిల్లకి తెలుసు, బళ్ళో నేర్చుకున్నవే.

"ఏమంటున్నాడే?"

"పాప గుండె కొట్టుకోవట్లేదంట అమ్మీ."

"మళ్ళీ చెప్పు."

"గుండె కొట్టుకోవట్లేదంట."

అమ్మీ ఆమె రెండు భుజాలూ పట్టుకుంది. గట్టిగా. "సరిగ్గా విని మళ్ళీ చెప్పు."

పిల్ల డాక్టరు వైపు చూసింది. ఆయన గోడవైపు చూస్తున్నాడు. మంచి మాట ఏదైనా దొరుకుతుందేమోనని ఆ పిల్ల తన బుర్రంతా వెతుక్కుంది. ఫొటోలు లేవు, కర్టెన్లు లేవు. మూడోసారీ అదే చెప్పింది. ఈసారి గొంతు తనదిలా లేదు. అమ్మీ చేతులు భుజాల మీంచి జారిపోయాయి.

ఆ సాయంత్రం అబ్బా ఉతికిన దుప్పట్ల మూట మీద కూలబడి తల పట్టుకున్నాడు. పిల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. తల నిమురుతాడని. ఆయన తల ఎత్తకుండానే అన్నాడు. "ఆ మాట నీ నోటనే రావాలా?"

ఆ ఒక్కసారే అన్నాడు. చెడ్డవాడు కాదు, బిడ్డ పోయినవాడు. కానీ ఆ మాట ఇంట్లో కాపురం పెట్టింది. అబ్బా తల్లి, దాదీ, ఊరి నుంచి ఫోన్లో, "పిల్ల నోటితో అనిపించారట కదరా, చంటిపిల్లల నోటిమాట తగులుతుంది" అంది. ఇప్పుడు కింద వాటాలో ఉన్న ఖాలా అప్పట్లో అదే వీధిలో ఉండేది, తన కోడలి కడుపు పరీక్షకి వెళ్తూ, "పెద్దపిల్లని వద్దులే, మంచి కబురు కోసం పోతున్నాం" అని గొంతు తగ్గించి చెప్పింది. గొంతు తగ్గిస్తే పిల్లలకి వినపడదని పెద్దలకి ఒక నమ్మకం. అదే ఖాలా మర్నాడు కరెంటు ఆఫీసులో గొడవ పడటానికి అదే నోటిని చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళింది. ఆ వీధిలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో అందరికీ ఆ నోరు కావాలి. ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు, పిల్లాణ్ణి బడి నుంచి పంపేసినప్పుడు, మొగుడు పని పోగొట్టుకున్నప్పుడు. చెడ్డ కబుర్లన్నీ ఆమె నోటిమీదుగానే ఇళ్ళలోకి వెళ్ళాయి. పెళ్ళిళ్ళూ పుట్టుకలూ మాత్రం వేరే దారిలో వచ్చేవి.

అబ్బా ఆ తర్వాత ఆమెని వకీలు అని పిలవలేదు. పెద్దపిల్ల అన్నాడు. అందరూ అదే అన్నారు.

ఆమె కూడా నోరు దగ్గర పెట్టుకోవడం నేర్చుకుంది. ఫోన్ మోగితే తీసి పక్కవాళ్ళకి అందిస్తుంది. తమ్ముడు పరీక్ష గట్టెక్కిన సంగతి తనకి ముందే తెలిసినా, వాడే వచ్చి చెప్పేదాకా ఉగ్గబట్టుకుంది. వాళ్ళ వంశంలో మొట్టమొదట డిగ్రీ చదివింది ఆమే. ఆ ఫలితం వచ్చిన రోజు కూడా నోటితో చెప్పలేదు. కాగితం భోజనాల బల్ల మీద అబ్బా కంచం పక్కకి జరిపి, నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళిపోయింది. "మా పెద్దపిల్లకి నోట్లో నాలుక లేదు" అని వచ్చినవాళ్ళతో మురిపెంగా చెప్పేవాడు అబ్బా.

ఉద్యోగం ఒక బడి ఆఫీసులో. హాజరు పట్టీలు, బస్సు పాసులు, తాళాలు. అక్కడ కూడా మనవైపు తల్లులెవరైనా వస్తే, "నీకు వాళ్ళ భాష వచ్చుగా, ఒక్క నిమిషం" అని పిలుస్తారు. ఆ ఒక్క నిమిషం మధ్యాహ్నం భోజనం గంటని మింగేస్తుంది. మీ అబ్బాయి అల్లరి, మీ అమ్మాయి వెనకబడింది, మీ వాణ్ణి ఇక్కడ ఉంచుకోలేం. చెప్పి, చల్లారిన అన్నం డబ్బా మూత మళ్ళీ పెట్టేసి, సాయంత్రం దాకా నాలుకతో పళ్ళు తడుముకుంటూ కూర్చుంటుంది.

మంగళవారం సెలవు అడిగినప్పుడు, పక్కబల్ల పెద్దావిడ ఎందుకని ఆరా తీసింది. ఆవిడ రిటైరు కాబోతున్న మనిషి, అందరి సంగతీ ఆవిడకి కావాలి. చెప్పగానే కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, "నువ్వెందుకు చెప్పాలి? ఆసుపత్రిలో దానికి మనిషి ఉంటుంది. ముందురోజు ఫోన్ చేసి ఏ భాషో చెబితే వస్తుంది" అంది.

"దానికి మనిషా?"

"మరేమిటి. చదువుకుని, పరీక్ష పాసై, జీతం తీసుకునే మనిషి."

"జీతమా?"

పెద్దావిడ ఆమెని ఎగాదిగా చూసింది. "ఏం, నువ్వు ఊరికే చేస్తున్నావని అందరూ ఊరికే చేస్తారా? ఇంకో సంగతి, పిల్లల చేత చెప్పించకూడదని వాళ్ళకి రూలు కూడా ఉంది ఇప్పుడు."

బస్సులో ఇంటికి వస్తూ పెద్దపిల్ల ఆ మాటనే నమిలింది. పిల్లల చేత చెప్పించకూడదు. ఎవరో, ఎక్కడో, ఒక గదిలో కూర్చుని ఈ సంగతి ఆలోచించి రూలు రాశారు. అంటే అది మామూలు సంగతి కాదన్నమాట. బరువుగా ఉండేదంటే, తనకి బలం లేక కాదన్నమాట. కిటికీ బయట దీపాలు మసకబారితే వాన పడుతోందనుకుంది. వాన లేదు.

బుధవారం అన్నాల దగ్గర చెప్పింది. "అమ్మీ పక్కన నేను కూర్చుంటాను. కానీ డాక్టరు మాట నేను చెప్పను. ఆసుపత్రి మనిషి వస్తుంది. ఫోన్ చేసి చెప్పేశాను."

అబ్బా ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఇంట్లో ఇంత చదువుకున్న పిల్లని పెట్టుకుని పరాయిదాని చేత చెప్పించుకోవాలా? మన ఆడవాళ్ళ ఒంటి సంగతులు ఎవరో దారినపోయే మనిషి వింటుందా? పరువేం కావాలి?"

"నావల్ల కాదు అబ్బా."

"పదేళ్ళు రాకముందే చెప్పినదానివి, ఇప్పుడు ఏమొచ్చింది నీకు?"

ఆమె కంచం వంక చూస్తూ అంది. "నా నోరు మంచిది కాదు కదా."

"ఎవరు కూశారా మాట?"

"మీరే. దుప్పట్ల మూట మీద కూర్చుని."

తమ్ముడు నమలడం ఆపేశాడు. అబ్బా కాసేపు వెతుక్కున్నాడు. నిజంగానే వెతుక్కున్నాడు, ఆయన మొహంలో తెలుస్తోంది. "నేనన్నానా?" అన్నాడు. ఆమె ఇన్నేళ్ళూ మోసిన మాట, ఆయన ఎప్పుడో దారిలో పారేసుకుని, పారేసుకున్న సంగతి కూడా మరిచిపోయాడు. కోపం రావాల్సిన చోట ఆమెకి విచిత్రంగా నవ్వొచ్చింది.

అమ్మీ నీళ్ళగ్లాసు దించింది. "ఆవిణ్ణే రానివ్వండి. నా ఒంటి సంగతి తొమ్మిదేళ్ళ పసిదాని చేత చెప్పించినప్పుడు లేని పరువు, ఇప్పుడు కొత్తగా ఎక్కణ్ణించి పుట్టుకొచ్చింది?"

అబ్బా కంచం తీసుకుని లేచాడు. గురువారం పొద్దున తల్లీకూతుళ్ళ ముసుగులు రెండూ ఇస్త్రీ చేసి కుర్చీ వీపుకి వేలాడుతున్నాయి. ఆయన అప్పటికే పనికి వెళ్ళిపోయాడు. కూతురి ముసుగు అంచులో పిసరంత ముడత కూడా లేదు, కాలరు ఇస్త్రీ చేసినంత భయంగా చేసినట్టున్నాడు.

డాక్టరు గది మారింది, డాక్టరు మారింది, ఈమె ఆడ డాక్టరు. కుర్చీలు మాత్రం మూడే, వరసగానే. పెద్దపిల్ల ఏమీ ఆలోచించకుండానే మధ్య కుర్చీలో కూర్చుంది. తలుపు తోసుకుని ఒక నడివయసు మనిషి వచ్చింది, జుట్టు సగం నెరిసింది, చేతిలో నీళ్ళ సీసా. నమస్కారం పెట్టి, ఆమె వైపు వంగి, మన భాషలో మెల్లగా అంది. "అమ్మా, ఏమీ అనుకోకు. అది నా కుర్చీ."

పెద్దపిల్ల తను కూర్చున్న కుర్చీ వంక చూసుకుంది. ఆ కుర్చీ ఇంకొకరిది కావచ్చని ఎన్నడూ తోచలేదు. లేచింది. ఎటు వెళ్ళాలో తెలియక నిలబడింది. అమ్మీ తనకి అటుపక్కన ఉన్న ఖాళీ చోటు చేత్తో చూపించింది. పెద్దపిల్ల మూడో కుర్చీ లాక్కుని అక్కడ కూర్చుంది, తల్లి భుజం తన భుజానికి తగిలేంత దగ్గరగా.

వచ్చినావిడ అమ్మీతో అంది. "డాక్టరు గారు అన్నదే చెబుతానమ్మా. నావి కలపను, ఆవిడవి దాచను. మీరు ఆపమంటే ఆపుతాను."

ఆపమంటే ఆపుతాను. అలా కూడా అనొచ్చు కాబోలు.

డాక్టరు మాట్లాడింది. ఆ మాటలు పెద్దపిల్లకి ముందే అర్థమయ్యాయి. గడ్డ చెడ్డదే. కానీ చిన్నగా ఉండగానే దొరికింది. ఆపరేషన్ చేయాలి, ఆ తర్వాత మందులు, నయమవుతుందనే తన నమ్మకం. అర్థమైన ఆ మాటల్ని పట్టుకుని పరుగెత్తాల్సిన పని లేదు, నోట్లో పెట్టుకుని తీపి చేయాల్సిన పని లేదు. అవి చెవిలోంచి నేరుగా గుండెలోకి దిగాయి. అక్కడ ఉన్నది చదువుకున్న పెద్దపిల్ల కాదు, అమ్మకి జబ్బు చేసిన ఒక ఆడపిల్ల. ఆమె ఏడ్చింది. పక్కన ఆవిడ గొంతు నిదానంగా, పొల్లుపోకుండా, అమ్మీకి చెబుతూనే ఉంది.

"మళ్ళీ చెప్పమ్మా" అంది అమ్మీ. ఆవిడ మళ్ళీ చెప్పింది. అదే గొంతుతో. అమ్మీ తలూపి, కూతురి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

బస్సులో ఇద్దరూ కిటికీ పక్కన కూర్చున్నారు. రెండు స్టాపులు దాటాక అమ్మీ అంది. "ఆ రోజు బస్సులో కూడా నాకు తెలుసే."

"ఏది?"

"పాప పొద్దున్నించీ కదల్లేదు. నువ్వేమో కిటికీలోంచి చూస్తూ స్వెటరు కబుర్లు చెబుతున్నావు. నాకు తెలుసు. ఆ డాక్టరు మొహం చూడకముందే తెలుసు."

పెద్దపిల్ల తల్లి వైపు తిరిగింది. "మరి మూడుసార్లు ఎందుకు చెప్పించావు?"

అమ్మీ బయటికి చూస్తూ నవ్వింది, నవ్వులాంటిది. "నువ్వు మాటలు మార్చేదానివి కదే. నాకు తెలియదనుకున్నావా? ఇంటావిడ నడుం మీద చేతులు పెట్టుకుని నా కూరని పొగిడిందా? ఆ గుమాస్తా మొహానికి ఇంకో ఫొటో కావాలా? తిట్టినవాళ్ళ మాటలన్నీ తీపి చేసి తెచ్చేదానివి. నేనూ నమ్మినట్టే ఉండేదాన్ని. ఆ రోజు కూడా మారుస్తావేమోనని అడిగాను. ఇంకొక్కసారి అడిగితే ఈసారి వేరేగా చెబుతావేమోనని. నీ నోటికి ఆ శక్తి ఉందనుకున్నాను." ముసుగు అంచు నుదుటి మీదకి లాక్కుంది. "ఎక్కడ ఉంటుంది. అప్పుడు నువ్వు చిన్నపిల్లవి కదే."

ఆమె దగ్గరికి జరిగింది. తలని అమ్మీ భుజానికి ఆనించింది. దిగాల్సిన చోటు దాటిపోయినా ఇద్దరూ లేవలేదు, బస్సు ఎంతదూరం వెళ్తుందో చూద్దామన్నట్టు.

సాయంత్రం అబ్బా వచ్చేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మీ నోరు తెరవబోతే చేత్తో ఆపింది. "నేను చెబుతాను" అంది. ఉన్నది ఉన్నట్టు, చెడ్డదీ మంచిదీ వరసగా, ఆయన మొహంలోకి చూస్తూ తన మాటలతో చెప్పింది. అబ్బా చెప్పులు విడవడం కూడా మరిచి విన్నాడు. చివరికి చెయ్యి చాచి ఆమె తల మీద పెట్టాడు. ఏదో పిలవబోయినట్టు పెదవులు కదిలాయి. మాట రాలేదు. పర్వాలేదనుకుంది ఆమె. రేపు మళ్ళీ వెతుక్కుంటాడు.

అమ్మీ నమాజు చేసుకుని చేతులు చాపి అందరి పేర్లూ చెప్పుకుంటుంది. కొడుకు పేరు తర్వాత ఒకచోట ఊపిరంత సేపు ఆగుతుంది. పెద్దపిల్ల చిన్నప్పటి నుంచీ ఆ ఆగడాన్ని వింటోంది. అది ఎవరి చోటో ఆ సాయంత్రం అడక్కుండానే తెలిసింది. పక్కన చేరి తనూ చేతులు చాపి, అమ్మీతోపాటే అక్కడ ఆగింది.

మీరు ఏ దేవుణ్ణి తలిచేవారైనా, ఎవర్నీ తలవనివారైనా, మీ వాళ్ళని తలుచుకునే వేళ ఒక ఊపిరంత చోటు ఆ పేరులేని పాపకి ఉంచండి. ఆ పక్కనే ఇంకొంచెం చోటు, కాళ్ళు నేలకందని కుర్చీలో కూర్చుని మంచి మాట కోసం బుర్రంతా వెతుక్కున్న ఆ తొమ్మిదేళ్ళ పిల్లకి.